ఒక్క కిలో దగ్గర తేలే పోటీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒలింపిక్స్, కామన్వెల్త్ వంటి అంతర్జాతీయ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ పోటీ ఎలా సాగుతుందో వివరిస్తూ గత సంచికలో నేను రాసిన వ్యాసం చదివి, గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని మన తెలుగు పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కనుక, ఎక్కువమంది అడిగిన సంగతులు ఉన్న ఆరు ఉత్తరాలను ఎంచుకున్నాను. పర్లాకిమిడిలో చాలా ఏళ్లపాటు పిల్లలకు బార్ పట్టుకోవడం నేర్పిన అనుభవంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు): అయ్యా, నమస్కారం. మా ఊరి కె. రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో మొత్తం 321 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. 2014లో గ్లాస్గోలో అంతకంటె బరువైన 77 కిలోల విభాగానికి వెళ్లి, 317 కిలోలతో రజతం గెలిచాడు. ఒళ్లు బరువెక్కినప్పుడు ఇంకా ఎక్కువ ఎత్తాలి కదా, తగ్గడమేమిటి? తగ్గినా పతకం రావడమేమిటి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ అంకెలను విడదీసి చూద్దాం. ఢిల్లీలో రవికుమార్ స్నాచ్‌లో 146, క్లీన్ అండ్ జెర్క్‌లో 175 ఎత్తారు. గ్లాస్గోలో 142, 175 ఎత్తారు. అంటే బార్‌ను మొదట భుజాలకు తెచ్చుకుని, అక్కడి నుంచి తలపైకి నెట్టే క్లీన్ అండ్ జెర్క్‌లో ఆయన ఏమీ తగ్గలేదు. తేడా అంతా నేల నుంచి ఒక్క ఊపున తలపైకి లేపవలసిన స్నాచ్‌లోనే వచ్చింది. స్నాచ్‌కు బలం ఒక్కటే చాలదు. బార్ పైకి లేస్తున్న ఆ లిప్తలో మనిషి దాని కిందికి దూరి కూర్చోవాలి కనుక వేగం, కీళ్లు వంగే తీరు, అంచనా అన్నీ కలిసి రావాలి. ఒంటికి కండ చేరినంత మాత్రాన ఇవన్నీ దానితో పాటే పెరుగుతాయని అనుకోకూడదు.

మీ రెండో సందేహానికి గ్లాస్గో ఫలితాన్నే, దాని తర్వాతి క్రీడల ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 2014లో అదే 77 కిలోల విభాగంలో తమిళనాడుకు చెందిన సతీష్ శివలింగం 149, 179 చొప్పున మొత్తం 328 ఎత్తి స్వర్ణం గెలిచారు, 317 ఎత్తిన రవికుమార్ రెండో స్థానంలో నిలిచారు. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో సతీష్ అదే విభాగంలో మళ్లీ స్వర్ణం గెలిచినప్పుడు ఎత్తిన మొత్తం సరిగ్గా 317. ఒకచోట రజతం తెచ్చిన 317 మరొకచోట స్వర్ణం తెచ్చింది. మీరాబాయి చాను విషయంలోనూ ఇలాగే జరిగింది: 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో 199 కిలోలు ఎత్తి నాలుగో స్థానంతో వెనుదిరిగిన ఆమె, 2025లో నార్వేలోని ఫోర్డేలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 48 కిలోల విభాగంలో అదే 199తో రజతం అందుకున్నారు. అందుకే, మా పిల్లలు ఎవరైనా "నేను ఇంత ఎత్తాను" అని చెప్పినప్పుడు, ఆ రోజు పక్కవాళ్లు ఎంత ఎత్తారని అడగడం నాకు అలవాటైంది.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని): సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లేశ్వరి గారు ఆఖరి ప్రయత్నంలో అంత పెద్ద బరువు అడగకుండా కొంచెం తగ్గించి ఉంటే స్వర్ణమే వచ్చేదని మా తాతయ్య ఎప్పుడూ బాధపడతారు. అది నిజమేనా? ఎంత బరువు ఎత్తాలో ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?

జవాబు: అమ్మా, మీ తాతయ్యగారి బాధ నాకు తెలుసు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి ఒలింపిక్స్ వేదిక ఎక్కిన ఆ 2000 సెప్టెంబరు 19 నాటి సంగతి, సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు కూడా సొంత ఇంటి సంగతే. ఒలింపిక్స్‌లో ఆడవారికి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడమే ఆ ఏడాది మొదలు, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ కూడా ఆమే.

ఆ నాటి లెక్క ఇది. 69 కిలోల విభాగంలో మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. చైనాకు చెందిన లిన్ వెయినింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర సమానంగా నిలిచారు, శరీర బరువు తక్కువ ఉన్నందున స్వర్ణం లిన్‌కు దక్కింది. మల్లేశ్వరి ఆఖరి ప్రయత్నంలో 137.5 అడిగి, దాన్ని నిలపలేకపోయారు. నిలిపి ఉంటే మొత్తం 247.5 అయి, అందరికంటె పైన ఉండేవారు. 135 నిలిపినా 245తో మొదటి స్థానమే కదా అన్నది మీ తాతయ్యగారి లెక్క కావచ్చు. కాగితం మీద అది తప్పు కాదు.

అయితే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పదు, ఎందుకో చెబుతాను. ఈ పోటీలో ఒక్కొక్కరికి స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలు ఉంటాయి, రెండింటిలోని ఉత్తమ బరువులను కూడితే మొత్తం వస్తుంది. బార్ మీద బరువు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. కనుక తక్కువ అడిగినవారు ముందు వస్తారు, ఎక్కువ అడిగినవారు వెనుక వస్తారు. పిలుపు వచ్చాక ఒక నిమిషంలో బార్‌ను నేల నుంచి లేపాలి, తన ప్రయత్నం తర్వాత వెంటనే మళ్లీ తనదే వంతైతే రెండు నిమిషాలు ఇస్తారు. ఒకసారి చెప్పిన బరువును, పిలుపుకు ముందూ తర్వాతా ఉన్న గడువులకు లోబడి, రెండుసార్లు మార్చుకోవచ్చు. వేదిక వెనుక గదిలో శిక్షకులు ప్రత్యర్థుల చీటీలు చూస్తూ, తమ పిల్ల ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో చూస్తూ, నిమిషాల మీద ఈ మార్పులు చేస్తూ ఉంటారు. చీటీ మీద అంకె రాసిన ఆ క్షణంలో ప్రత్యర్థుల చేతిలో ఇంకా ఏ ప్రయత్నాలు మిగిలి ఉన్నాయో, వాళ్లు ఏం అడగబోతున్నారో, మర్నాడు పేపర్లో వచ్చే ఫలితాల పట్టికలో కనిపించదు. అన్నీ ముగిశాక చూసేవారికి 135 అన్న అంకె తేలికగా తడుతుంది, వెనుక గదిలో ఉన్నవారికి అది అంత తేలిక కాదు.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సాంగ్లీ కుర్రాడు సంకేత్ సర్గర్ పోటీ దీన్ని ఇంకా బాగా చూపిస్తుంది. 55 కిలోల విభాగంలో అతను స్నాచ్‌లో 113 ఎత్తి, 107 ఎత్తిన మలేసియా లిఫ్టర్ అనీక్ కంటె ఆరు కిలోలు ముందున్నాడు. క్లీన్ అండ్ జెర్క్‌లో మొదటి ప్రయత్నంలోనే 135 నిలిపాడు. ఆ తర్వాత 139 అడిగి రెండుసార్లూ తప్పాడు, మోచేతికి దెబ్బ కూడా తగిలింది. అనీక్ 142 ఎత్తి, 249తో స్వర్ణం తీసుకున్నాడు, సంకేత్ మొత్తం 248. సంకేత్ 139కి బదులు 137 ఎత్తి ఉంటే 250 అయ్యేది, గెలిచేవాడు కదా అని మా గరిడీలో ఒక పిల్లవాడు అడిగాడు. అప్పుడు అనీక్ 142 అడిగి ఊరుకుంటాడా? గెలవాలంటే 144 కావాలని చీటీ మార్చుకునేవాడు, అది లేచేదో లేదో ఎవరికీ తెలియదు. ప్రత్యర్థి అంకె మన అంకెను బట్టి మారుతుంది కనుక, ఒక్కరి అంకెను మాత్రమే వెనక్కి వెళ్లి సరిదిద్దడం కుదరదు.

ఇందులో నేను నమ్మే సూత్రం మాత్రం ఒకటి ఉంది: మొదటి ప్రయత్నం జ్వరం వచ్చిన రోజున కూడా ఎత్తగలిగిన బరువై ఉండాలి. 2016 రియో ఒలింపిక్స్‌లో మీరాబాయి స్నాచ్‌లో 82 నిలిపి కూడా, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలూ తప్పడంతో అసలు మొత్తమే లేకుండా పోయింది. పారిస్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో మొదటి 111 తప్పి, రెండోసారి అదే బరువు ఎత్తవలసి వచ్చింది, అంటే పైకి వెళ్లడానికి ఒకే ఒక్క అవకాశం మిగిలింది. అందులో 114 నిలవలేదు, 200 ఎత్తిన థాయ్‌లాండ్ అమ్మాయికి కంచు పతకం పోయింది. టోక్యోలో 115 ఎత్తి, మొత్తం 202తో రజతం గెలిచిన మనిషికే ఇలా జరిగిందంటే, మొదటి అంకె ఎంత ఆలోచించి రాయాలో మీరే ఊహించండి.

మీ తాతయ్యగారికి ఇంకొక మాట కూడా చెప్పండి. సమానమైనప్పుడు శరీర బరువు చూసే పద్ధతి ఇప్పుడు లేదు, ఆ మొత్తాన్ని ముందు అందుకున్నవారే పైన ఉంటారు.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక గృహిణి): టీవీలో చూస్తుంటే బార్ తలపైకి పూర్తిగా లేచినా కొందరికి ఎర్ర దీపాలు వెలుగుతాయి. ఎత్తిన బరువును ఎత్తలేదంటే ఆ పిల్లల ప్రాణం ఉసూరుమనదా? ఏమి చూసి కాదంటారు?

జవాబు: అమ్మా, ఎక్కువగా తప్పు మోచేతుల దగ్గరే దొరుకుతుంది. తలపైన బార్‌ను అందుకునేటప్పుడు చేతులు ఒక్కసారిగా, పూర్తిగా చాపుకుని నిలబడాలి. సగం వంగిన మోచేతులతో అందుకుని, ఆ తర్వాత నెట్టి చాపితే అది తప్పు, చూసేవారికి ఆ నెట్టడం లిప్తలో జరిగిపోతుంది కనుక తెలియదు. క్లీన్‌లో బార్‌ను భుజాలకు తెచ్చుకుని కూర్చున్నప్పుడు మోచెయ్యి తొడకో మోకాలికో తగిలినా తప్పే. పైకి లేచాక పాదాలు ఒకే వరుసలోకి తెచ్చుకుని, కదలకుండా నిలబడి, దించమనే సంకేతం వచ్చేదాకా ఆగాలి. సంతోషం పట్టలేక ముందే వదిలేసి పతకం పోగొట్టుకున్నవారిని నేను జిల్లా పోటీల్లో కళ్లారా చూశాను. బార్ మోకాళ్ల ఎత్తుకు వచ్చాక ప్రయత్నం మానేసినా అది లెక్కకు వచ్చేస్తుంది.

ముగ్గురు రిఫరీలలో ఇద్దరు తెల్ల దీపం వేస్తే చాలు, వారి పైన జ్యూరీ వీడియో చూసి నిర్ణయాన్ని మార్చగలదు. పుట్టుకతోనే చెయ్యి పూర్తిగా చాపలేనివారు ఉంటారు. అలాంటివారు పోటీ మొదలయ్యే ముందే రిఫరీలకు ఆ చెయ్యి చూపించాలి, చూపించకపోతే ఆ తర్వాత ఏమి చెప్పినా వినరు. ప్రాణం ఉసూరుమంటుంది, మీరన్నది నిజమే. కానీ ఆ దీపాలు లేకపోతే, నియమం పాటించి తక్కువ ఎత్తిన పిల్లకు అన్యాయం జరుగుతుంది.

ప్రశ్న (జయపురం నుంచి ఒక పాఠకుడు): ఒకే పోటీలో ఒక లిఫ్టర్‌కు మూడు పతకాలు వచ్చాయని అప్పుడప్పుడు పేపర్లో చదువుతాం. ఒలింపిక్స్‌లో ఒకటే ఎందుకు ఇస్తారు?

జవాబు: ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్నాచ్‌కు, క్లీన్ అండ్ జెర్క్‌కు, మొత్తానికి వేర్వేరుగా పతకాలు ఉంటాయి, ఒలింపిక్స్‌లో మొత్తానికి మాత్రమే ఇస్తారు. మహిళలు తొలిసారి పాల్గొన్న 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మూడింటికీ ఇచ్చారు, కుంజరాణీ దేవి ఒక్కరే 48 కిలోల విభాగంలో మూడు స్వర్ణాలు తెచ్చారు. తర్వాతి క్రీడల నుంచి అక్కడ కూడా ఒకటే. అందుచేత పాత కామన్వెల్త్ పతకాల సంఖ్యను కొత్తవాటితో పోల్చేటప్పుడు ఈ తేడాను మనసులో పెట్టుకోండి.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక తండ్రి): మా అమ్మాయికి 13 ఏళ్లు, బరువు 50 కిలోలు. జిల్లా పోటీకి 48 కిలోల విభాగంలో దిగితే పతకం ఖాయమని ఆమె శిక్షకుడు నాలుగు రోజులు అన్నం తగ్గించి, చివరి రోజు నీళ్లు కూడా ఆపించాడు. పోటీలో కళ్లు తిరిగి పడిపోయింది. ఇరుగుపొరుగువారేమో బరువులెత్తితే పిల్ల పొట్టిగా ఉండిపోతుందంటున్నారు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దు, కానీ ఆ పద్ధతిని ఇవాళే మాన్పించండి. మీ ఉత్తరం చదివి నాకు చాలా బాధ కలిగింది, ఇలాంటి మాట వినడం ఇది మొదటిసారి కాదు కూడా.

బరువు తూచడం పోటీకి రెండు గంటల ముందు మొదలై, గంటసేపు సాగుతుంది. నీళ్లు ఎండగట్టి తూకంలో నెగ్గిన పిల్లకు, ఆ మిగిలిన కాస్త సమయంలో పోయిన సత్తువ తిరిగి రాదు. అంతర్జాతీయ స్థాయి పెద్దలు కిలో, అరకిలో సర్దుకుంటారంటే వారి వెంట వైద్యులు, ఆహార నిపుణులు ఉంటారు, వారి ఎముకలు ఎదగడం ఎప్పుడో ముగిసింది. ఏడాదికేడాది ఎదిగే 13 ఏళ్ల పిల్లను ఒక విభాగంలో కట్టిపడేయాలనుకోవడం చాలా పెద్ద పొరపాటు. మీ అమ్మాయి 53 కిలోల విభాగంలో దిగాలి. మొదట్లో పతకం రాకపోవచ్చు, రానివ్వండి. అసలు ఈ విభాగాలే శాశ్వతం కావు: 2018 చివరలో 48 పోయి 49 వచ్చింది, 2025 జూన్‌లో 49 పోయి మళ్లీ 48 వచ్చింది. సమాఖ్య మార్చే గీత కోసం పిల్ల ఒంటిని చిక్కగొట్టడం ఎంతమాత్రం తగదు.

పొట్టిగా ఉండిపోతారన్నది అపోహ. తెలిసినవారి దగ్గర, వయసుకు తగిన బరువుతో, కుదురుగా నేర్చుకుంటే ఎదుగుదల ఆగదు. ఆగేది తిండి లేక. చోడి అంబలి, పప్పు, గుడ్డు, ఎండు చేప, ఆకుకూర రోజూ కడుపునిండా పెట్టండి. రక్తం తక్కువగా ఉందేమో ఒకసారి పరీక్ష చేయించండి. నెలసరి మొదలై, మధ్యలో ఆగిపోతోందేమో వాళ్లమ్మ ద్వారా కనుక్కోండి, ఆగితే వెంటనే వైద్యురాలికి చూపించాలి, అది ఒళ్లు చాలడం లేదని చెప్పే మొదటి గుర్తు. కండ పెంచుతాయంటూ డబ్బాల్లో అమ్మే పొడులు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. వాటిలో ఏమి కలిపారో డబ్బా మీద ఉన్నదాన్ని బట్టి చెప్పలేం, రేపు పెద్ద పోటీలో పరీక్ష చేసి నిషేధిత మందు దొరికితే, తెలియక తిన్నానన్న మాటతో తప్పించుకోలేదు. ఒంట్లో దొరికినదానికి లిఫ్టరే బాధ్యురాలన్నది అక్కడి నియమం.

మీ పొరుగున గజపతి జిల్లా నుంచి వచ్చిన జ్యోష్న సబర్ 2024లో దోహాలో జరిగిన ఆసియా యూత్ పోటీల్లో 40 కిలోల విభాగంలో 60, 75 చొప్పున మొత్తం 135 ఎత్తి స్వర్ణం గెలిచింది. మన కొండల పిల్లలకు దారి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో వెయిట్‌లిఫ్టింగ్‌కు శిక్షణ కేంద్రం ఉంది, దానికి ఎంపికలు ఎప్పుడో జిల్లా క్రీడాధికారి కార్యాలయానికి మీరే స్వయంగా వెళ్లి కనుక్కోండి. ఇక ఇప్పటి శిక్షకుడితో గొడవ పడనక్కరలేదు, తూకం కోసం తిండి ఆపితే పిల్లను పంపనని మర్యాదగా, గట్టిగా చెప్పండి. వినకపోతే వేరేచోటు వెతకండి.

ప్రశ్న (కాశీనగర్ నుంచి ఒక యువకుడు): మా ఊళ్లో సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీ పెడతారు. మా తమ్ముడు రెండేళ్లుగా గెలుస్తున్నాడు, వయసు 16. అతను వెయిట్‌లిఫ్టింగ్‌లో పనికొస్తాడా?

జవాబు: బాబూ, పనికిరావచ్చు. వీరఘట్టం కోడి రామమూర్తి గారిని కన్న నేల ఇది, సంగిడీ ఎత్తిన నడుమును నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే రాయిని కౌగిలించుకుని, ఒంటికి ఆనించుకుని, నెమ్మదిగా లేపుతాం. బార్‌ను అలా లేపలేం. మగవారి బార్ 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. అది ఒంటికి దగ్గరగా, నిటారుగా పైకి పోవాలి, సమయం వచ్చినప్పుడు మనిషి దాని కిందికి ఒక్క ఉదుటున దిగాలి. రాళ్లెత్తి అలవాటైన పిల్లలు చేతులతో లాగాలని చూస్తారు, ఆ అలవాటు వదిలించడానికే నాకు ఒక్కొక్కరితో ఆరు నెలలు పట్టింది.

అతనికి కలిసివచ్చే సంగతి ఒకటి ఉంది. పట్నం పిల్లలు మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోలేరు, కుర్చీలకు అలవాటుపడి వాళ్ల చీలమండలు బిగుసుకుపోతాయి. పొలంలోనూ అరుగు మీదా గొంతుక్కూర్చుని పెరిగిన పిల్లకు స్నాచ్‌లో అడుగున కూర్చునే భంగిమ సగం వచ్చినట్లే. మీ తమ్ముణ్ని అలా కూర్చోబెట్టి, ఒక తేలికైన వెదురు కర్రను రెండు చేతులతో ఎడంగా పట్టించి, తలపైకి చాపమనండి. మడమలు లేవకుండా, వీపు వంగకుండా, కర్ర తలకు కాస్త వెనుకగా నిలిస్తే ఆ పిల్లవాణ్ని తీసుకుని నా దగ్గరకు రండి. నిలవకపోతే నెల రోజులపాటు రోజూ పొద్దున్న పది నిమిషాలు ఆ కర్రతోనే కూర్చోమని చెప్పి, ఆ తర్వాత తీసుకురండి. అప్పటిదాకా ఇనుము ముట్టనివ్వకండి.